వంకాయ తినని గూఢచారి

మూడు రోజులు గోదావరి జిల్లాల్లో శత్రుదేశపు గూఢచారిగా తిరిగి మొన్ననే అనంతపురం చేరాను. రెండు కిలోలు పెరిగాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "గూఢచారులకి ఇంత తిండి పెడతారా?" అంది. పెడతారు. ఎలా పెడతారో, పెట్టి ఏం చేస్తారో, అటువైపు వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. నేను నిఘా విభాగంలో ముప్పై రెండేళ్లు పనిచేసి నాలుగేళ్ల కిందట రిటైరయ్యాను. ఇరవై ఏళ్ల కిందట సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలో తీరం కమిటీలు పెట్టినప్పుడు వాళ్లకు పాఠాలు చెప్పింది నేనే. ఊరికి పదిమంది. జాలర్లు, టీచర్లు, టీకొట్టు వాళ్లు. తేడాగా ఉన్న కొత్త మనిషి కనబడితే ఒక నంబరుకి ఫోన్ చెయ్యాలి. అంతే వాళ్ల పని. జీతం లేదు, ఏడాదికో టార్చిలైటు ఇచ్చేవాళ్లం.

ఇప్పుడు ప్రమాదాలు మారిపోయాయి. చేతిసంచిలో పట్టే డ్రోన్లు వచ్చాయి. మనిషి లేకుండా నడిచే పడవలు వచ్చాయి. మీ తమ్ముడి గొంతుతో మీకే ఫోన్ చేసే కంప్యూటర్లు వచ్చాయి. విభాగం కూడా మారకపోతే ఎలా? ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న శ్రీలత ఇప్పుడు అక్కడ పెద్ద అధికారి. ఆమె ఫోన్ చేసింది.

"సార్, రెండేళ్లుగా ఆ తీరం నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదు. కమిటీలు ఎత్తేసి మొహాలు గుర్తుపట్టే కెమెరాలు పెడదామంటున్నారు. ఎత్తేసే ముందు ఒక పరీక్ష పెట్టాలని నేనే పట్టుబట్టాను. పరాయి మనిషిగా మీరు వెళ్లాలి."

పరీక్ష ఇది. రాజమండ్రిలో బయల్దేరాలి. మూడో రోజు సాయంత్రం ఐదింటికల్లా అంతర్వేదికి ఇవతల ఒక చిన్న రేవులో, వలలు దాచుకునే షెడ్డులో బూడిదరంగు పెట్టె ఒకటి పెట్టాలి. దారిలో అనుమానం పుట్టించే పనులు కొన్ని చెయ్యాలి. బ్రిడ్జి ఫోటోలు తియ్యాలి, పేరు మార్చి చెప్పాలి, పడవలు ఎన్నింటికి వెళ్తాయో ఆరా తియ్యాలి. ఐదులోపు ఒక్క ఫోన్ వచ్చినా కమిటీలు ఉంటాయి. రాకపోతే ఉండవు. ఈ సంగతి జిల్లా పోలీసు పెద్దకి తప్ప అక్కడ ఎవరికీ తెలియదు.

"మీరు సాయం చెయ్యకూడదు సార్. గెలవడానికే ఆడాలి," అంది శ్రీలత.

ఒట్టేశాను. నేను పెట్టిన మొక్కని నేనే పీకడానికి వెళ్తున్నానని తెలిసీ, ముప్పై ఏళ్ల మీసం తీయించుకుని రైలెక్కాను. బెంగళూరుకి సరుకు పంపే కొబ్బరికాయల వ్యాపారిని అని చెప్పుకోవాలని నిర్ణయించుకున్నాను. ఎంత తెలివితక్కువ వేషమో తర్వాత తెలిసింది.

రాజమండ్రి: రోజ్ మిల్క్, బ్రిడ్జి

వానలు వెనకబట్టినా గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది. మా అనంతపురం వాళ్లకి అంత నీళ్లు ఒకేచోట చూస్తే మొదట సంతోషం, తర్వాత కొంచెం కోపం వస్తాయి. ఒక గ్లాసు చల్లటి రోజ్ మిల్క్ తాగి, మరో గ్లాసు తాగి, ఘాటు దగ్గరికి వెళ్లి పని మొదలుపెట్టాను. దొంగచూపులు చూస్తూ రైలు బ్రిడ్జి స్తంభాల్ని ఒక్కొక్కటే ఫోన్‌తో ఫోటోలు తీశాను. ఎవరైనా చూడాలని నా కోరిక. చూడకూడదని నా డ్యూటీ.

ఒకాయన చూశాడు. లుంగీ, తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. సరాసరి నా దగ్గరికొచ్చాడు. గబుక్కున ఫోన్ దాచబోయాను.

"ఏంటండి, ఒట్టి స్తంభాలు తీసుకుంటున్నారు? మీరు లేకుండా ఫోటో ఎందుకండి? ఇటివ్వండి, నే తీసేత్తాను. కాస్త నవ్వండి."

అయిదు ఫోటోలు తీశాడు. అన్నిట్లో నేను నవ్వుతూనే ఉన్నాను. గూఢచారి ఫోటో అంటే విభాగం వాళ్లు అవే ఫైల్లో పెట్టుకోవాలి.

ఆయన పేరు వీర్రాజు, రావులపాలెం దగ్గర అరటితోట. నేనూ అటే అన్నానని బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. నా పేరు రామ్మూర్తి అని చెప్పాను. ఆ తర్వాత గంటన్నరలో ఆయన అడిగినవి నేను సర్వీసులో ఏ నేరస్తుణ్ణీ అడగలేదు. ఏ ఊరండి, ఎవరి తాలూకండి, పిల్లలెంతమందండి, ఏం తింటారండి మీ వైపు, బీపీ ఉందాండి. మా సీమలో కొత్త మనిషి వస్తే మంచినీళ్లిచ్చి, వాడే చెబుతాడులే అని ఊరుకుంటాం. ఇక్కడ ముందు అడిగేసి తర్వాత ఇస్తారు. అదీ ప్రతిదానికీ చివర అండి తగిలించి అడుగుతారు కాబట్టి చెప్పకుండా ఉండలేం.

రావులపాలెంలో బస్సు దిగగానే గెలలోంచి కోసిన చక్రకేళి అరటిపళ్ల అత్తం ఒకటి నా చేతిలో పెట్టాడు. పూతరేకులు కొనబోతే, ఒక్కోటీ ఇరవై రూపాయలు, నన్ను జేబులో చెయ్యి పెట్టనివ్వలేదు.

"కొబ్బరంటే మా బావ సత్తిబాబేనండి. అంబాజీపేటలో కొట్టు. రేపు పొద్దున్నే వెళ్లండి, నేను ఫోన్ చేసి చెబుతాను."

ఆ సాయంత్రం లాడ్జి నుంచి శ్రీలతకి ఫోన్ చేశాను. "ఏమైనా ఫోన్ వచ్చిందా?"

"లేదు సార్. మీరు గెలుస్తున్నారు," అంది. ఆమె గొంతులోనూ సంతోషం లేదు.

అంబాజీపేట: చప్పుడు లేని పెట్టె

పొద్దున్నే పొట్టిక్కలు తిన్నాను. పనసాకులు బుట్టలాగా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆకు విప్పితే పనస వాసన ముక్కుకి తగులుతుంది. పక్కన కొబ్బరి పచ్చడి. మా ఉగ్గానీ బజ్జీకి ఎదురు లేదని నిన్నటిదాకా అనుకునేవాణ్ణి. రెండు ప్లేట్లు తిని మా ఊరికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

సత్తిబాబుగారు యాభై దాటిన మనిషి. కొట్టు ముందు కొబ్బరికాయల గుట్ట మీద కూర్చుని, ఒక్కో కాయని చెవి దగ్గర పెట్టి ఆడించి, నీళ్ల చప్పుడు విని, ఇటు కొన్ని అటు కొన్ని విసురుతున్నాడు. నేను రెండో పేరు వాడాల్సిన సమయం వచ్చింది.

"నమస్కారమండి. నా పేరు కృష్ణమూర్తి."

"రండి రండి. మా బావమరిది రామ్మూర్తిగారని చెప్పాడే?"

"రామకృష్ణమూర్తి అండి," అన్నాను.

"ఆయ్. పెద్ద పేరే," అని కుర్చీ వేశాడు.

వ్యాపారిలా కనబడాలని, "కిలో ఎంతకి పడుతుంది?" అని అడిగాను. కాయ ఆడిస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఇక్కడ కిలోల్లో కాదండి. వెయ్యి కాయల లెక్క," అన్నాడు మెల్లగా. "ఆ పెట్టె ఏంటండి?"

"శాంపిల్ కాయలు. మా వాళ్లకి ఏ సైజు కావాలో చూపిద్దామని."

"అంబాజీపేటకి కొబ్బరికాయలు మోసుకొచ్చారా?" ఆయన నవ్వలేదు. లేచి, బరువుగా ఉంది ఇలా పెట్టండి అంటూ, నేను వద్దనేలోగా పెట్టె అందుకుని, పక్కకి తిరిగి, కొంచెం ఆడించాడు. అలవాటైన చెవి పెట్టె మీదికి వంగింది. చప్పుడు లేదు. లోపలున్నది ఇసుక మూటలని నాకు శ్రీలత తర్వాత చెప్పింది.

అయిపోయింది, ఫోన్ చేస్తాడు అనుకున్నాను. నా మనసు గంతులేసింది. ఆయన ఫోన్ తీశాడు కూడా. "భోజనానికి ఒకరొస్తున్నారు," అని ఇంటికి చెప్పి పెట్టేశాడు.

వాళ్ల ఇంట్లో అరిటాకు నిండా వడ్డించారు. పప్పులో మామిడికాయ ఒరుగులు, కొబ్బరి మామిడల్లం పచ్చడి, మజ్జిగ పులుసు. మధ్యలో నూనెలో నిగనిగలాడుతున్న గుత్తివంకాయ. నేను వంకాయ తినను. చిన్నప్పటినుంచీ తింటే పెదాలు దురద పెడతాయి. దాన్ని ఆకు అంచుకి జరిపాను.

సత్తిబాబుగారి భార్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "వంకాయ తినరాండి? ఏ దేశమండి మీది?"

ఇన్నేళ్ల అనుభవం ఉన్న నిఘా అధికారిని. పప్పు ఇంకొంచెం వెయ్యమన్నాను.

తిన్నాక అడగవలసింది అడిగాను. అంతర్వేదికి ఇవతలున్న ఆ రేవులో పడవలు ఎప్పుడు వెళ్తాయి, ఎప్పుడొస్తాయి, అక్కడ పోలీసులు ఉంటారా. ఇంతకంటే పచ్చిగా ఏ గూఢచారీ అడగడు. సత్తిబాబుగారు ఓపికగా విని, "అవన్నీ మా సుగుణమ్మ టీచరుగారు చెబుతారండి. నాకు అయిదో క్లాసు చెప్పారు. రేపు మీరు బస్సు దిగేసరికి స్టాపులో ఉంటారు. ఆవిడ ఇంట్లోనే భోజనం," అన్నాడు. నాలుగు కాయలు వలిచి సంచిలో వేశాడు. ఆయన భార్య పెట్టె తాడు వదులైందని మళ్లీ బిగించి కట్టింది.

ఆ రోజు సాయంత్రం కూడా శ్రీలత మాట అదే. ఫోన్ రాలేదు. రాజోలు లాడ్జిలో మంచం మీద కూర్చుని చక్రకేళి తింటూ, ఇంత మంచివాళ్లకి పాఠం చెప్పడం నాకు చేతకాలేదని బాధపడ్డాను. అనుమానించమంటే అన్నం పెడుతున్నారు. పండు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

రేవు: టీచరమ్మ వసారా

మూడో రోజు పన్నెండింటికి బస్సు దిగాను. గొడుగు పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. డెబ్భై ఉంటాయి. తెల్లచీర, చేతిలో రెక్సిన్ సంచి.

"వందనాలండి. నేను సుగుణమ్మని. ఇక్కడి బడిలో చేసి రిటైరయ్యాను. రండి, ఎండగా ఉంది."

ఆ పేరు నేను ఎక్కడో విన్నాననిపించింది. ఇరవై ఏళ్లలో ఎన్ని ఊళ్లు, ఎంతమంది టీచర్లు. గుర్తు రాలేదు.

వసారాలో అప్పటికే నలుగురైదుగురు ఉన్నారు. వల అల్లుకుంటూ ఇద్దరు, ఊరికే కూర్చుని ఇద్దరు. నా గురించి అందరికీ అన్నీ తెలుసు. బీపీ మాత్ర వేసుకున్నారాండి అని ఒకాయన అడిగాడు. కాసేపటికి సైకిల్ మీద ఒక కానిస్టేబుల్ వచ్చాడు. ఇక పట్టుబడ్డాను అని లేవబోయాను. సుగుణమ్మగారు అతనికీ ఒక ఆకు వేసింది.

భోజనానికి ముందు ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. "ఈ ఇంటికి వచ్చిన అతిథిని, ఆయన ఏ పని మీద వచ్చినా, చల్లగా చూడు ప్రభువా," అంది. నాకు ముద్ద దిగలేదు. కాసేపే. తర్వాత చందువా చేప వేపుడు వచ్చింది, రొయ్యల ఇగురు వచ్చింది, దిగింది. వాటి వెనక గుత్తివంకాయ కూడా వచ్చింది. నేను యథాప్రకారం ఆకు అంచుకి జరిపాను. ఆవిడ చూసి ఏమీ అనలేదు. పెరుగు వడ్డించి లోపలికి వెళ్లింది.

తిన్నాక నవ్వారు మంచం వేశారు. అయిదు నిమిషాలు నడుం వాలుద్దామనుకున్నాను. సముద్రపు గాలి. కళ్లు తెరిచేసరికి నాలుగూ పది. నా సర్వీసులో ఆపరేషన్ మధ్యలో నిద్రపోయింది అదొక్కసారే. గబగబా మొహం కడుక్కుని, "అలా ఒడ్డు చూసొస్తానండి," అని పెట్టె పట్టుకుని బయటపడ్డాను. ఎవరూ ఆపలేదు. వల అల్లేవాళ్లు తలెత్తలేదు. కానిస్టేబుల్ అరుగు మీద గురక పెడుతున్నాడు.

షెడ్డులో వలల పక్కన పెట్టె పెట్టాను. నాలుగున్నర. బయటికొచ్చి ఇసుకలో కూలబడ్డాను. గెలిచాను. ఇంకో అరగంటలో తీరం కమిటీలు ఉండవు. సూట్‌కేసు నిండా చార్టులు మోసుకుని ఊరూరా తిరిగి చెప్పిన పాఠాలు, ఆ పిచ్చి టార్చిలైట్లు, అన్నీ వృథా. ఏడుపొచ్చింది. అరవై నాలుగేళ్ల మనిషిని, ఒడ్డున ఎవరూ లేరని కాస్త ఏడ్చాను కూడా.

వెనక నుంచి మాటలు వినబడ్డాయి. తిరిగి చూశాను. సుగుణమ్మగారు గొడుగుతో ముందు నడుస్తోంది. వెనక కళ్లు నులుముకుంటూ కానిస్టేబుల్. ఆ వెనక ఊరు సగం.

కానిస్టేబుల్ నా ఎదురుగా నిలబడి, "మీరు కదలకండి బాబుగారు. ఏమనుకోకండి," అన్నాడు.

సుగుణమ్మగారు రెక్సిన్ సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి, కళ్లజోడు పెట్టుకుని చదివింది. రాజమండ్రిలో బ్రిడ్జి స్తంభాల ఫోటోలు. బస్సులో ఒక పేరు, కొట్లో ఒక పేరు. కొబ్బరి కిలోల్లో అడిగాడు. పెట్టె ఆడిస్తే చప్పుడు లేదు. పడవల వేళలు అడిగాడు. నేను చేసినవన్నీ ఉన్నాయి, నేను చేశానని నాకే తెలియనివి రెండున్నాయి.

నా ఫోన్ మోగింది. శ్రీలత. స్పీకర్ పెట్టాను.

"సార్, నాలుగూ పన్నెండుకి ఫోన్ వచ్చింది. సుగుణమ్మగారని. మొత్తం చెప్పారు." ఆమె గొంతు ఈసారి వేరుగా ఉంది. నేను ఇసుకలోనే చప్పట్లు కొట్టాను. పట్టుబడ్డవాడు చప్పట్లు కొట్టడం కానిస్టేబుల్ ఎప్పుడూ చూడలేదట.

మేం ఎవరమో, ఇది ఏం పరీక్షో శ్రీలత అందరికీ చెప్పింది. చెప్పాక అధికారిలా అడగవలసింది అడిగింది. "అమ్మా, నిన్నటినుంచే మీకు అనుమానం ఉంది కదా. ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?"

"ఇంటికొచ్చిన మనిషిని తినకుండా ఎలా పట్టిస్తామండి?" అంది సుగుణమ్మగారు. "తిన్నాక చేద్దామంటే పడుకున్నారు. తింటున్న మనిషినీ, పడుకున్న మనిషినీ పట్టివ్వకూడదు కదండి. మంచం దిగగానే చేశాను."

"నిజంగా శత్రువైతే నాలుగు గంటలు పోయేవి కదమ్మా?"

"ఎక్కడికి పోతాయండి? ఆ నాలుగు గంటలూ ఆయన మా వసారాలోనే ఉన్నారు. చుట్టూ అయిదుగురం ఉన్నాం. పోలీసు కూడా పక్కాకులోనే తిన్నాడు. అనుమానం వస్తే గొడవ చెయ్యకండి, మర్యాదగా కూర్చోబెట్టి మాటల్లో పెట్టండి అని మాకు నేర్పింది ఈయనే."

నేను ఇసుక దులుపుకుని లేచి నిలబడ్డాను. శ్రీలత అడిగింది. "ఆయన్ని గుర్తుపట్టారా?"

"ఇరవై ఏళ్ల కిందట మా బళ్లో మూడు రోజులు పాఠాలు చెప్పారండి. మూడు రోజులూ నేనే వండాను. వంకాయ వేస్తే మూడు రోజులూ ఆకు అంచుకి జరిపారు. వంకాయ తినని మనిషిని నేను నా జన్మలో ఒక్కరినే చూశాను. నిన్న సత్తిబాబు ఫోన్‌లో చెప్పగానే అనుమానం వచ్చింది. మీసం లేదు, గొంతు మారింది. అందుకే ఇవాళ వంకాయ వండాను."

"మీ మాస్టారని తెలిసీ ఫోన్ చేశారా?"

సుగుణమ్మగారు నా వైపు తిరిగింది. "తెలిసినవాళ్లయినా సరే చెప్పండి, ముఖ్యంగా తెలిసినవాళ్లయితే చెప్పండి అన్నారు కదండి మీరు. మా మాస్టారని వదిలేస్తే, మా మాస్టారు చెప్పిన పాఠం ఏమైపోవాలి?"

 శ్రీలత అంది. "సార్, ఇకమీద వచ్చేవాళ్లు మిషన్లు తయారుచేసిన తెలిసిన మొహంతో, తెలిసిన గొంతుతోనే వస్తారని మేం ఆఫీసులో తలలు పట్టుకుంటున్నాం. కమిటీలు ఉంటాయి. రెండేళ్లుగా ఫోన్ ఎందుకు చెయ్యలేదో మాత్రం రాసుకోవాలి."

"చెప్పాల్సిన మనిషి రాలేదండి," అంది సుగుణమ్మగారు. "ఇవాళ వచ్చారు, చేశాం."

భోజనానికి ముందే ఫోన్ చెయ్యాలని కొత్త నిబంధన రాస్తానంది శ్రీలత. ముందు కాదండి, వడ్డించాక అంది సుగుణమ్మగారు. అక్కడే ఇసుకలో ఇద్దరూ బేరమాడి, పప్పు వడ్డించాక, పెరుగు వడ్డించేలోగా అని ఖాయం చేసుకున్నారు. నేను కమిటీ నోటుపుస్తకంలో, పట్టుబడిన వ్యక్తి అన్నచోట, అసలు పేరుతో సంతకం పెట్టాను. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో అంత ఇష్టంగా ఎక్కడా పెట్టలేదు.

మర్నాడు పొద్దున్న బస్సెక్కించడానికి అందరూ వచ్చారు. బూడిదరంగు పెట్టెలో ఇసుక తీసేసి ఎండు రొయ్యలు నింపారు. కిటికీ దగ్గర నిలబడిన సుగుణమ్మగారితో, "ఈసారి మామూలు మనిషిలా ఫోన్ చేసి వస్తానండి. వంకాయ మాత్రం వండొద్దు," అన్నాను.

"ఎందుకు వండనండి?" అంది ఆవిడ. "ఎవరి గొంతైనా మిషన్లు మాట్లాడేస్తున్నాయని ఆ మేడమ్‌గారే చెప్పారు కదా. వచ్చింది మీరో కాదో నాకు తెలియాలి."